చిన్న ఇస్త్రీపెట్టె - పెద్ద బొమ్మ

మీ పాఠశాల కబడ్డీ జట్టుకు ఏడు టీ షర్టులు కొన్నారనుకోండి. వీపు నిండా పైన ఊరి పేరు, మధ్యలో పులి బొమ్మ, కింద అంకె ఉండాలని జట్టు ముచ్చట. మొత్తం బొమ్మ వెడల్పు 36 సెంటీమీటర్లు, పొడవు 50. బజారు కొట్లో ఉన్న వేడి ప్రెస్సు పలక చూస్తే 38 సెంటీమీటర్ల చదరం. ఇంట్లో ఉన్నది మామూలు ఇస్త్రీపెట్టె. షర్టులు చందాలతో కొన్నవి. ఒక్కటి పాడైనా ఒక ఆటగాడు పాత చొక్కాతో బరిలోకి దిగాల్సిందే. ఇంత పెద్ద బొమ్మను ఇంత చిన్న సాధనంతో అంటించగలమా? అంటించగలం. అయితే అది గుడ్డను ఎలా పట్టుకుంటుందో ముందు తెలియాలి.

ఈ బొమ్మను కుంచెతో వేయరు. పల్చని ప్లాస్టిక్ పొరలోంచి కత్తిరిస్తారు. ఆ పొరకు ఒకవైపు జిగురు పూత, రెండోవైపు దాన్ని మోసే పారదర్శకమైన షీటు ఉంటాయి. కోయడం జిగురు వైపునుంచి కాబట్టి అక్షరాలను అద్దంలో కనబడినట్టు తిరగేసి కోయాలి. ఈ సంగతి మరిచిపోతే ఊరి పేరును అద్దం ముందు నిలబడి చదువుకోవలసి వస్తుంది!

జిగురు థర్మోప్లాస్టిక్ జాతిది. అంటే వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. మళ్లీ వేడిచేస్తే మళ్లీ మెత్తబడుతుంది. మెత్తబడ్డ జిగురును నొక్కితే నూలు దారాల సందుల్లోకి దిగి, చల్లారాక వాటిని పట్టుకుంటుంది. కనుక మనకు కావలసినవి మూడే: వేడి, పీడనం, కాలం. ఇలాంటి పొరలకు సాధారణంగా 150 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపు వేడి, 10 నుంచి 15 సెకన్ల కాలం చాలు.

ముందు పీడనం సంగతి చూద్దాం. పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. మీరు ఇస్త్రీపెట్టె మీద 20 కిలోల బరువుకు సమానంగా నొక్కారనుకోండి. దాని అడుగు వైశాల్యం సుమారు 180 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు 110 గ్రాములు. అదే 20 కిలోలను కొట్లోని పలకంతటా పరిస్తే? 38ని 38తో గుణిస్తే 1444. చదరపు సెంటీమీటరుకు 14 గ్రాములైనా రాదు! మీ ఇస్త్రీపెట్టెతో సమానం కావాలంటే ఆ ప్రెస్సు 160 కిలోల బరువుతో నొక్కాలి. అందుకే దానికి అంత పొడుగు పిడి, తులాదండం ఏర్పాటూ ఉంటాయి. చూశారా, సాధనం చిన్నదవడం అన్నివిధాలా నష్టమేమీ కాదు.

ఇక తేమ. నూలు గుడ్డ ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది. కానీ మామూలు గాలిలో అది తన బరువులో 8 శాతం దాకా నీటిని దాచుకుంటుంది. చదరపు మీటరుకు 160 గ్రాములు తూగే గుడ్డ అనుకుంటే, ఆ ప్రెస్సు పలక కింద ముందు, వెనక పొరలు కలిపి 46 గ్రాముల నూలు ఉంటుంది. అందులో నీరు సుమారు 3.5 గ్రాములు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కేలరీల గుప్తోష్ణం కావాలి. మొత్తం 1900 కేలరీలు! 46 గ్రాముల నూలును 30 డిగ్రీలనుంచి 150 డిగ్రీలకు తేవడానికి పట్టేది దాదాపు 1650 కేలరీలే. గుడ్డకన్నా అందులో దాగిన కాస్త నీరే ఎక్కువ వేడిని మింగుతోందన్నమాట. ఆ నీరు ఉన్నంతసేపూ అక్కడ ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. మీరు 15 సెకన్లు లెక్కపెట్టినా జిగురుకు అందేది అందులో కొంతే. మొదటి ఉతుకులోనే అంచులు లేచిపోయే బొమ్మల్లో చాలావాటి కథ ఇదే. కనుక పొర పెట్టకముందే షర్టును వేడి ఇస్త్రీతో బాగా ఆరబెట్టాలి. అప్పుడే గుడ్డ కుంచించుకునేదేదో కుంచించుకుంటుంది కూడా. కొలతలు ఆ తర్వాతే తీయండి. షర్టును నిలువుగా మధ్యకు మడిచి ఇస్త్రీ చేస్తే పడే మడత గీతే మీ మధ్యరేఖ.

ఇప్పుడు పెద్ద బొమ్మను ఎక్కడ విడగొట్టాలి? పులి నడుము మీద మాత్రం కాదు! పేరుకూ పులికీ మధ్య, పులికీ అంకెకూ మధ్య ఎలాగూ ఖాళీలున్నాయి. అక్కడ కత్తిరిస్తే మూడు ముక్కలూ ఆ 38 సెంటీమీటర్ల పలక కిందికి విడివిడిగా వస్తాయి. ఒక ముక్క అంటించాక రెండోదాన్ని మధ్యరేఖకు సరిచూసి పెట్టండి. అంటిన భాగం మళ్లీ పలక కిందికి వచ్చినా భయం లేదు, మీద బటర్ పేపరు కప్పితే చాలు. థర్మోప్లాస్టిక్ గనుక రెండోసారి మెత్తబడి మళ్లీ గట్టిపడుతుంది.

పాలియెస్టరు షర్టుల మీద వేసే మరో రకం ముద్రణకు ఈ ఉపాయం చెల్లదు. అందులో రంగు 200 డిగ్రీల దగ్గర కర్పూరంలాగా ఘనస్థితినుంచి నేరుగా ఆవిరై పోగుల్లోకి చొరబడుతుంది. దీన్నే ఉత్పతనం అంటారు. రెండుసార్లు నొక్కిన చోట రంగు తేడాగా వస్తుంది. కాగితం వెంట్రుకవాసి కదిలినా బొమ్మకు నీడ పడుతుంది. అలాంటిదానికి పెద్ద పలకే గతి.

పలక అంచు గుడ్డమీద గీతలా పడటం ఇంకో చిక్కు. షర్టు లోపల, బొమ్మకన్నా కొంచెం పెద్దదిగా, పలకకన్నా చిన్నదిగా మడిచిన గుడ్డ పెట్టండి. బొమ్మ ఉన్న చోటు పైకి లేచి ఒత్తిడంతా దానిమీదే పడుతుంది. కుట్లు, కాలరు పక్కకు జారిపోతాయి.

ఇస్త్రీపెట్టెతోనే చేస్తే పెద్దవాళ్లు దగ్గరుండాలి. మెత్తని పరుపు మీద కాదు, గట్టి బల్ల మీద చేయండి. ఆవిరి రంధ్రాలున్న పెట్టె అయితే నీళ్లు పోయవద్దు. రంధ్రాల కింద ఒత్తిడి ఉండదు గనుక రెండోసారి కాస్త జరిపి నొక్కాలి. వేడి తెలియడానికి మన ఇస్త్రీవాళ్ల పద్ధతే ఉంది. ప్లగ్గు తీసేసి, అడుగు భాగం మీద వేలితో ఒక నీటిచుక్క చిలకరించండి. చుర్రుమని వెంటనే ఇగిరిపోతే మనకు కావలసిన దారిలో ఉన్నట్టే. చుక్క గుండ్రని ముత్యంలా దొర్లుతూ పోతే వేడి 200 డిగ్రీల దరిదాపుకు చేరింది. చుక్క కింద ఏర్పడిన ఆవిరి పొరే దాన్ని మోస్తుంది. దీన్ని 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు వివరించాడు. అలా దొర్లితే కాసేపు చల్లారనివ్వండి.

బొమ్మ మొత్తం 1800 చదరపు సెంటీమీటర్లు, పెట్టె అడుగు 180. లెక్కకు పదిచోట్ల నొక్కితే చాలు. కానీ అంచులు ఒకదానిమీదొకటి రావాలి గనుక పదమూడు, పద్నాలుగు చోట్లవుతాయి. బట్టలకు రుద్దినట్టు రుద్దవద్దు, పొర జరిగిపోతుంది. పైకెత్తి పక్కన దించండి. ప్రతిసారీ గుడ్డ కొంత వేడిని లాగేసుకుంటుంది. ఎర్రదీపం మళ్లీ ఆరేదాకా ఆగితే ఆ వేడి తిరిగి వస్తుంది. తొందర పడేవాళ్లకు మొదటి మూడు చోట్లా అంటి, మిగతావి అంటకపోవడం ఇందువల్లే.

అసలు షర్టు ముట్టుకోకముందు పాత నూలు గుడ్డమీద నాలుగు చిన్న పొర ముక్కలు పెట్టి 5, 10, 15, 20 సెకన్లు నొక్కి చూడండి. పూర్తిగా చల్లారాక షీటు తీసి, ఒకరోజు ఆగి ఉతకండి. ఏ ముక్క నిలిచిందో అదే మీ ఇస్త్రీపెట్టెకు సరిపడే కాలం. షర్టులు తయారయ్యాక ఎక్కడైనా అంచు లేస్తే, గుడ్డను ఆరబెట్టి, బటర్ పేపరు వేసి, అక్కడొక్కచోటే మళ్లీ నొక్కండి.