పైన ఏముందో చూడు

వరంగల్ నుంచి హైదరాబాదు రైలెక్కితే దారిలో భువనగిరి వస్తుంది. అక్కడ పెద్ద బండగుట్ట కనబడుతుంది. ఆ గుట్ట మీదే ఒక అమ్మాయి కొండలెక్కడం నేర్చుకుంది. ఆమె పేరు మాలావత్ పూర్ణ. ఊరు పాకాల. మన పాకాల చెరువు కాదు, నిజామాబాద్ జిల్లాలోని పాకాల. అమ్మానాన్నలు కూలిపని చేసేవారు.

2014 మే 25న పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. దాని ఎత్తు 8,849 మీటర్లు. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు. ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటు ఎక్కాడు.

వాళ్లు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. అదే ఏడాది ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచు చరియ విరిగిపడింది. 16 మంది నేపాలీలు చనిపోయారు. వాళ్లు ఆ కొండ మీదే పని చేసేవాళ్లు. కొండ సంగతి బాగా తెలిసినవాళ్లు. అయినా ప్రమాదం తప్పలేదు. ధైర్యం ఒక్కటే చాలదు. జాగ్రత్త కూడా కావాలి.

మంచు చరియ ఎందుకు జారుతుంది?

కొండవాలు మీద మంచు పొరలు పొరలుగా పడుతుంది. కింది పొర గట్టిగా లేకపోతే పై పొర జారుతుంది. ఒక్క మనిషి బరువు పడినా చాలు.

ఏం చేయాలి?

1. కొత్తగా మంచు బాగా కురిస్తే ఒకటి రెండు రోజులు ఆగాలి.
2. ఎండ ముదరక ముందే వాలు దాటాలి.
3. గుంపుగా పోవద్దు. ఒక్కొక్కరే దాటాలి. మిగతావాళ్లు చూస్తుండాలి.
4. మంచులో చిక్కితే చేతులు ముఖానికి అడ్డం పెట్టుకోవాలి. ఊపిరికి జాగా దొరుకుతుంది.
5. చూసినవాళ్లు వెంటనే తవ్వాలి. మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తేనే బతికే ఆశ ఎక్కువ.

మన ఊళ్లో మంచు కొండలు లేవు. మట్టి గడ్డలున్నాయి. ఇల్లు అలకడానికి ఎర్రమట్టికి పోతాం. గడ్డ కింద గుహలాగా తవ్వుతాం. పైన మట్టిపెళ్ల వేలాడుతుంటుంది. అది మీద పడితే లేవలేం.

అందుకే కింద తొలచవద్దు. పైనుంచి మెట్లు మెట్లుగా తవ్వాలి. వాన పడ్డాక పోవద్దు. గడ్డ మీద పగులు కనబడితే తట్ట వదిలి బయటికి రావాలి. ఒంటరిగా పోవద్దు. ఒకరు తవ్వితే ఒకరు దూరంగా నిలబడి చూడాలి. ఎవరైనా మట్టిలో చిక్కితే కేకవేసి నలుగురిని పిలవాలి. ముందు ముఖం మీది మట్టి తీయాలి.

మంచైనా మట్టైనా మాట ఒకటే. అడుగు పెట్టేముందు పైన ఏముందో చూడాలి.

చెప్పండి:

1. మంచు వాలును ఒక్కొక్కరే ఎందుకు దాటాలి?
2. మీ ఊళ్లో మట్టి ఎక్కడ తవ్వుతారు? ఆ గడ్డ ఎలా ఉంది?