'వెరీ' అతకని చోట

చైనా విద్యార్థికి ఇంగ్లీషు 'వెరీ' నేర్పేవారు ముందుగా 'హెన్' సంగతి తెలుసుకోవాలి. 'తా హెన్ గావ్' అంటే 'అతడు పొడగరి' అనే సామాన్యార్థం. 'హెన్' అంటే 'చాలా' అయినా, ఒత్తి పలికితే తప్ప దానికా బలం రాదు. అది క్రియకు ముందు కూడా చేరుతుంది. కనుకనే అతడు 'ఐ లైక్ ఇట్ వెరీ మచ్' అనడానికి బదులు 'ఐ వెరీ లైక్ ఇట్' అని వ్రాస్తాడు. ఎర్ర సిరాతో కొట్టివేసే అధ్యాపకుడు ఈ కారణం కూడా చెప్పాలని మా అభిప్రాయం.

'పర్‌ఫెక్ట్', 'ఎగ్జాస్టెడ్' వంటి మాటల్లో పరాకాష్ఠ ముందే ఇమిడి ఉంది. వాటికి 'వెరీ' అతకదు. ముందు 'ఆబ్సొల్యూట్లీ', 'అటర్లీ' వంటివి రావాలి. చైనీయులు 'లేయ్ స్స్ ల' అని అలసట తరువాత చావును తెస్తారు. 'అలసి చచ్చాం' అనే మనకు ఇది వింత కాదు! 'తై హావ్ ల' వారికి మెచ్చుకోలు. దానిని 'టూ'తో అనువదిస్తే 'మితిమీరింది' అనే నింద ధ్వనించవచ్చు.