ప్రహ్లాదుడు వేసిన లెక్క: పిల్లలకు ఫోన్ ఎప్పుడివ్వాలి?

 

ఈ వారం వీడియోలో భాగవతం సప్తమ స్కంధం ఆరో అధ్యాయం చెప్పుకున్నాం. చండామార్కులు ఇంటి పనుల్లో ఉన్నప్పుడు తోటి పిల్లలు ఆడుకుందాం రమ్మని ప్రహ్లాదుణ్ణి పిలుస్తారు. ఆయన వాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని ఒక లెక్క చెప్తాడు. మనిషికి నూరేళ్లు. అందులో సగం నిద్రకే పోతుంది. చిన్నతనంలో, ఆటల్లో ఇరవై ఏళ్లు. ముసలితనంలో ఇంకో ఇరవై. మిగిలిన పదీ కోరికలకు, సంసారానికి సరిపోతాయి. అందుకే ఈ వయసులోనే హరిని పట్టుకోండి అంటాడు.

చూడండి, ఆటలో గడిచిన ఏళ్లను కూడా ఆయన ఖర్చు కిందే రాశాడు. కానీ ఆటలో పిల్లవాడు పరిగెత్తుతాడు, పడతాడు, ఓడిపోతాడు, పోట్లాడి మళ్లీ కలుస్తాడు. ఇప్పుడు ఫోన్ ఆ ఆటను కూడా లాగేసుకుంటోంది. నాకు భయం వేసేది అక్కడే.

మన ఛానల్ చూసేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మా శిరివెళ్లలో ఎవరినైనా అడగండి, "ఏం కాదులేన్నా, దేవుని పాటలే చూస్తాండాడు" అంటారు. నిజమే, మొదటి వీడియో దేవుడి పాటే. రెండోది ఏం రావాలో మీరూ అనుకోరు, వాడూ అనుకోడు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ పని కాబట్టి చెప్తున్నా. ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలవడం, వేలితో ఎంత జరిపినా చివర రాకపోవడం, ఇవన్నీ చూసేవాడు లేవకుండా ఉండాలని తయారుచేసినవి. పెద్దవాళ్లమే లేవలేకపోతున్నాం, ఏడేళ్లవాడు లేస్తాడా? మా వీడియోలైనా సరే, పిల్లవాడి చేతికి ఫోనిచ్చి ఒక్కణ్ణే వదిలెయ్యొద్దు.

మన దేశంలో సొంతంగా వాట్సాప్ అకౌంట్ తెరవాలంటే 13 ఏళ్లు నిండాలని ఆ కంపెనీయే నియమం పెట్టుకుంది. బడుల్లో పిల్లలు ఫోన్ తేకూడదని 2023 ఆగస్టులో మన రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఆస్ట్రేలియాలో అయితే 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపు వాళ్లకు సోషల్ మీడియా అకౌంట్లే లేవు. బడిలో వద్దన్నది ఇంట్లో అన్నం తినిపించేటప్పుడు ఎట్లా మంచిదవుతుంది?

మరి పాటలు? స్పీకర్‌లో పెట్టండి, ఫోన్ అల్మారా పైన ఉండనీయండి. ప్రహ్లాదుడు తల్లి కడుపులో ఉండి నారదుడి మాటలు విన్నాడు అంతే, చూసిందేమీ లేదు. హోంవర్క్ వాట్సాప్‌లో వస్తే అమ్మో నాన్నో చదివి చెప్తే నోట్సులో రాసుకుంటాడు.

నంద్యాలకో ఆళ్లగడ్డకో బస్సులో చదువుకోడానికి పోయే పిల్లలకు ఫోన్ అవసరమే, కాదనను. కీప్యాడ్ ఫోన్ ఇవ్వండి. కొనేటప్పుడు మాత్రం అడిగి కొనండి. జియోఫోన్ లాంటి వాటికి బటన్లే ఉంటాయి గానీ యూట్యూబ్ వస్తుంది. ఉత్త 2జీ ఫోన్ కొంటే జియో సిమ్ పనిచేయదు, ఎయిర్‌టెల్ లేదా బీఎస్ఎన్ఎల్ వేయాలి.

అన్నిటికంటే కష్టం "పక్కింటోనికి ఉంది కదా" అనే మాట. ఒక్క ఇంటివాళ్లు దాన్ని తట్టుకోలేరు. వీధిలో నాలుగైదు ఇళ్లవాళ్లు కూర్చుని, పదో తరగతి అయ్యేదాకా ఎవరమూ స్మార్ట్‌ఫోన్ కొనియ్యం అని మాట అనుకోండి. ప్రహ్లాదుడు కూడా తనొక్కడే కళ్లు మూసుకుని కూర్చోలేదు కదా, తరగతి మొత్తాన్నీ కూడగట్టాడు.

సంక్రాంతి తర్వాత అహోబిలం స్వామి పారువేటకు పల్లకిలో ఆళ్లగడ్డ వైపు ఊళ్లకు వస్తాడు. ఈసారి పిల్లల చేత వీడియో తీయించకండి. చేతికి తాళాలిచ్చి భజనలో నిలబెట్టండి. తాళం తప్పినా ఎవరూ ఏమీ అనరు.

వచ్చే వారం ఏడో అధ్యాయం. స్పీకర్‌లో పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చుని వినండి.