డీబీటీ గ్రాంటు, యూరప్ భాగస్వామి: పేపరు అందరికీ తెరిచేదెలా?

కొత్త పరిశోధకులు చాలామందికి ఓపెన్ యాక్సెస్ గుర్తొచ్చేది పేపరు అచ్చయ్యాకే. అప్పటికి కాపీరైటు పబ్లిషర్‌కు రాసిచ్చేసి ఉంటారు. మంజూరు లేఖ వచ్చిన రోజే ఈ పని మొదలుపెట్టాలి.

ముందు ఆ లేఖలోని షరతులు చదవండి. డబ్బు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ)దో, శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్టీ)దో అయితే 2014 డిసెంబరు నాటి వాళ్ల ఓపెన్ యాక్సెస్ విధానం వర్తిస్తుంది. జర్నల్ అంగీకరించిన రెండు వారాల్లో పేపరును మీ సంస్థ రిపాజిటరీలోనో, కేంద్రం నడిపే సైన్స్ సెంట్రల్‌లోనో పెట్టాలి. పబ్లిషర్ ఎంబార్గో (కొంతకాలం తెరవకుండా ఉంచే గడువు) అడిగితే, సైన్సు పేపర్లను 6 నెలలు, సామాజిక శాస్త్రాలవి 12 నెలలకు మించి మూసి ఉంచకూడదు. అదే ప్రాజెక్టులో యూరోపియన్ యూనియన్ పరిశోధన పథకం హొరైజన్ యూరప్ నిధులూ ఉంటే ఆ వెసులుబాటు పోతుంది. వాళ్లకు ప్రచురణ రోజుకే పేపరు తెరిచి ఉండాలి, అదీ రచయిత పేరు చెప్పి ఎవరైనా వాడుకోనిచ్చే సీసీ బై లైసెన్సుతో. కాబట్టి కఠినమైన షరతునే లెక్కలోకి తీసుకోండి.

తర్వాత జర్నల్ ఎంపిక. ఒకప్పటి షెర్పా రోమియో, ఇప్పటి ఓపెన్ పాలసీ ఫైండర్‌లో జర్నల్ పేరు కొడితే ఏ ప్రతిని ఎప్పుడు, ఎక్కడ పెట్టనిస్తారో తెలుస్తుంది. ఎంబార్గో పెట్టే జర్నలే కావాలంటే, అంగీకరించిన ప్రతికి సీసీ బై వర్తిస్తుందని పేపరు పంపేటప్పుడే రాయండి. సంతకాలయ్యాక అడిగితే వినేవాళ్లుండరు.

లక్షల్లో ప్రచురణ రుసుము కడితే తప్ప షరతు తీరదని సీనియర్లే చెబుతుంటారు. నమ్మకండి. రిపాజిటరీలో పెట్టడానికి పైసా ఖర్చు లేదు, ఆ రుసుములు తాము భరించబోమని 2014 విధానమే చెప్పింది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ఉందిగా అంటారా? మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి సుమారు 13,000 జర్నళ్లను ప్రభుత్వ సంస్థలకు అందించే పథకమది. అది ప్రధానంగా చదువుకోవడానికి. ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌కు మీ పేపరు అందాలంటే మీరే బయట పెట్టాలి.

ఏ ఫైలు పెట్టాలి? రివ్యూ సవరణలన్నీ అయి, పబ్లిషర్ పేజీలు కట్టకముందు ఉన్న వర్డ్ ఫైలు. సాధారణంగా అది సహరచయిత మెయిల్లో ‘ఫైనల్ ఫైనల్ 3’ అనే పేరుతో పడి ఉంటుంది. ట్రాక్ చేంజెస్ అంగీకరించి, పక్కనున్న కామెంట్లు, లైన్ నంబర్లు తీసేయండి. బొమ్మలు వాటి చోట్లలో చేర్చండి. మొదటి పేజీలో జర్నల్ పేరు, అంగీకరించిన తేదీ రాయండి. గ్రాంటు నంబర్లు రెండూ కృతజ్ఞతల్లో ఉన్నాయో లేదో చూసి పీడీఎఫ్ చేయండి. జర్నల్ వెబ్‌సైటులోని అందమైన పీడీఎఫ్ మాత్రం, లైసెన్సు అనుమతిస్తే తప్ప, పెట్టకండి.

డేటాకు హొరైజన్ యూరప్ మొదటి 6 నెలల్లోనే ప్రణాళిక అడుగుతుంది. రోగుల వివరాల్లాంటివి మూసి ఉంచవచ్చు, కారణం ఆ ప్రణాళికలోనే చెప్పాలి.

అప్‌లోడ్ అయ్యాక రిపాజిటరీ ఇచ్చే ఐడీ నంబరు భద్రంగా రాసుకోండి. తర్వాతి గ్రాంటుకు దరఖాస్తు చేసేటప్పుడు దాన్ని చూపాలన్న నిబంధన కూడా 2014 విధానంలోనే ఉంది.