కౌలు బకాయి: అడిగే తీరు, తీర్చే దారి



మన విచారణల్లో ఎకరమో రెండెకరాలో కౌలుకిచ్చి, ఆ సొమ్ముతోనే పిల్లల చదువులు, పెద్దల మందులు నెట్టుకొచ్చే కుటుంబాలున్నాయి. ఆ పొలాల్లో పత్తి, మిరప సాగుచేసే కౌలు కుటుంబాలూ ఉన్నాయి. ఆదివారం ఇద్దరూ ఒకే గుడిలో మోకరిస్తారు. కౌలు గడువు దాటిందంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూడరు. అలాంటప్పుడు భూయజమాని ఏమి చేయాలి?

మొదట కారణం తెలుసుకోవాలి. లేక ఇవ్వనివాడు వేరు, ఉండి ఇవ్వనివాడు వేరు. 2021-22లో నల్ల తామరపురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలను పూతలోనే తినేసింది. 2025 ఆరంభంలో పంట చేతికొచ్చినా ధర పడిపోయింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించి జోక్యం చేసుకోవలసి వచ్చింది. అలాంటి ఏడాది పైసా తగ్గకుండా కౌలు అడగడం కాగితానికి సరిపోతుందేమో గాని, న్యాయానికి సరిపోదు. నష్టాన్ని ఇద్దరూ పంచుకోవాలి.

అయితే సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంచి, ధర పెరిగాక ఇస్తానంటే? అది యజమాని సొమ్ముతో ఆడే జూదమవుతుంది. కొన్ని టిక్కీలు అమ్మి కౌలు కట్టి, మిగిలినవి ధర కోసం ఉంచుకోమని అడగడంలో తప్పు లేదు.

రెండవది, అడిగే తీరు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చూడండి. తాకట్టు కోసం అప్పిచ్చినవాడు బాకీదారుని ఇంట్లోకి వెళ్ళకూడదు, బయటే నిలబడాలి అంటుందది. అప్పు ఉన్నంత మాత్రాన మనిషి గౌరవం పోదని దాని భావం. కల్లంలో కూలీల ఎదుట కేకలు వేస్తే బాకీ తీరదు, పగ మిగులుతుంది. ఇంటికి పిలిచి, ఇద్దరికీ నమ్మకమున్న పెద్ద ఒకరిని కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

మూడవది, వ్రాత. ఎంత బకాయి, ఎన్ని వాయిదాలు, ఏ తేదీలు అన్నవి కాగితం మీద పెట్టండి. తేదీలను పంట అమ్మకాలతో కలపండి. పత్తి తీతలు కార్తీకం నాటికే మొదలవుతాయి. మిరప డబ్బు ఎక్కువగా సంక్రాంతి తరువాతే వస్తుంది. వేసవిలో గుంటూరు యార్డుకు సెలవులుంటాయి గనుక ఆ లోపే వాయిదా పెట్టుకోండి. తీసుకున్న ప్రతి రూపాయికి రసీదు ఇవ్వండి.

నాలుగవ మాట కొందరికి చేదుగా ఉండవచ్చు. కౌలు ఆలస్యానికి చాలాసార్లు మూలం యజమాని పెట్టని సంతకమే. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం, యజమాని సంతకంతో 11 నెలలకు సాగుపత్రం ఇచ్చే ఏర్పాటు చేసింది. దానివల్ల భూమి హక్కు మారదు. అయినా పొలం పోతుందన్న భయంతో చాలామంది సంతకం చేయరు. ఆ పత్రం లేకపోతే బ్యాంకు రుణం, పంట బీమా అందడం కష్టం. అప్పుడు కౌలుదారు వడ్డీవ్యాపారి దగ్గరకో, కమీషన్ ఏజెంటు దగ్గరకో వెళతాడు. వారి బాకీ తక్‌పట్టీలోనే కోతపడుతుంది. మీ కౌలు చివరికి మిగిలినదానిలో నుంచి రావాలి. ఆ మిగిలేది ఏపాటిది? సంతకం కౌలుదారుకు ఉపకారమే, మీ కౌలుకు భద్రత కూడా.

చివరిది. అన్నీ చేసినా, ఉండి ఎగవేసేవాడు ఉంటాడు. అతనికి మరుసటి ఏడు పొలం ఇవ్వకపోవడం పాపం కాదు. నిలిచి ఉన్న పంటను దున్నించడం, నీరు ఆపడం మాత్రం తగదు. ఆంధ్ర ప్రాంతానికి 1956లో చేసిన కౌలుదారీ చట్టం కూడా, బకాయి పడినవాణ్ణి సైతం అధికారి ఎదుట దరఖాస్తు పెట్టుకునే ఖాళీ చేయించమంది.

కౌలుదారు సోదరులకూ ఒక మాట. గడువు దాటాక తప్పించుకు తిరగవద్దు. గడువుకు ముందే వెళ్ళి ఉన్నమాట చెప్పండి. చేతిలో ఉన్నది కొంతైనా ఇవ్వండి.

ఈ వారం ఇంట్లో ఆలోచించండి:
1. మన కౌలు ఒప్పందం వ్రాతలో ఉందా, నోటిమాటేనా?
2. మనకు రావలసిన బాకీ లేక ఆగిందా, ఉండి ఆగిందా? అడిగి తెలుసుకున్నామా?