వీడియో కూర్పు: తొలి పాఠము

నక్కపల్లి ప్రాంతమున నేడు చేతిఫోను లేని రైతుకుటుంబము నరుదుగా చూతుము. చెఱకు ముచ్చెలు నాటునపుడును, వరినాఱు పోయునపుడును, జీడితోటలో నెండుకొమ్మలు కోయునపుడును తీసిన వీడియోలతో ఫోనులు నిండియున్నవి. కాని వానిలో పొరుగూరి రైతు చూచి నేర్చుకొనదగినవి మిక్కిలి తక్కువ. తీయనేర్చినవారు పెక్కురు, తీసినదానిని తగ్గించి, వరుసపఱచి, వినదగిన మాటను చేర్చి కూర్చనేర్చినవారు కొందఱే. సభ్యులలో క్రొత్తగా నీ పనికి పూనుకొనువారికై యీ పాఠమును వ్రాయుచున్నాను.

రైతు చెప్పినదానిని రైతునకు వీడియోగా చూపు పద్ధతి మన దేశమున నిదివఱకే పరీక్షకు నిలిచినది. 2006లో బెంగుళూరునందలి మైక్రోసాఫ్టు పరిశోధనాలయమున రికిన్ గాంధి మొదలిడిన డిజిటల్ గ్రీన్ ప్రయత్నము 2008లో ప్రత్యేక సంస్థగా నేర్పడినది. వారు తొలుత కర్ణాటకమున పదునాఱు గ్రామములలో పరీక్షించి, వాడుకలోనున్న శిక్షణ, సందర్శన విధానముకంటె నీ పద్ధతివలన రైతులు కొన్ని క్రొత్త సేద్యవిధానములను హెచ్చుగా నవలంబించిరని కనుగొనిరి. మన రాష్ట్రమునను ప్రకృతి వ్యవసాయ ప్రచారమునం దిట్టి వీడియోలను చిన్న ప్రొజెక్టరులతో మహిళాసంఘములకు చూపియున్నారు. అందొక విశేషము కలదు. తెఱమీద రైతు కనబడగానే చూపరులు మొట్టమొదట నడుగునది, అతని పేరేమి, ఊరేమి యని. కావున మీ వీడియో మొదటి యైదు సెకన్లలోనే యా రెండును చెప్పింపుడు. రంగురంగుల పేరుపలకలును, తిరుగుడు బొమ్మలును పిమ్మట చూచుకొనవచ్చును.

సాధనముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. కంప్యూటరు గలవారు షాట్‌కట్, కెడెన్‌లైవ్, ఓపెన్‌షాట్ అను వానిలో నేదైన నొకదానిని దింపుకొనవచ్చును. ఇవి యుచితములు, వీడియోమీద తమ ముద్ర వేయవు. డావించి రిజాల్వ్ అనునది చలనచిత్రముల వారును వాడునది. దానికిని వెల లేని ప్రతి యొకటి కలదు గాని, పాతయంత్రములు దాని బరువును మోయజాలవు. ఫోనులోనే కూర్చువారికి కైన్‌మాస్టర్, ఇన్‌షాట్ వంటివి కలవు. వెల చెల్లింపనిచో కొన్ని తమ ముద్రను వేయును. నేను షాట్‌కట్ నభ్యసించితిని గావున దానినే యుదాహరింతును.

మొదట నొక సంచిక, అనగా ఫోల్డరు, తెఱచి, ఫోనులోని క్లిప్పులన్నిటిని దానిలోనికి చేర్చుడు. పని ముగియువఱకు వానిని కదల్పరాదు. మీరు దాచుకొను ప్రాజెక్టు ఫైలులో వీడియో యుండదు. ఏ క్లిప్పునుండి యేభాగమును తీసుకొనవలయునో యా లెక్క మాత్రమే యుండును. ఇది కల్లమునందలి ధాన్యము కాదు, ధాన్యము లెక్క వ్రాసిన పుస్తకము వంటిది. క్లిప్పులను వేఱుచోటికి మార్చినచో పుస్తకము మిగులును, ధాన్యము కనబడదు. క్రొత్తవారిలో పలువు రిక్కడనే నిరాశపడి పని మానుదురు. మఱియొక సంగతి. ఫోనులు సెకనునకు తీయు బొమ్మల సంఖ్య నిలుకడగా నుండదు. అట్టి క్లిప్పును తెఱచినపుడు షాట్‌కట్ దానిని కూర్పునకు తగినట్లు మార్చుకొమ్మని సూచించును. అంగీకరింపుడు. లేనిచో నోటికదలికయు మాటయు క్రమముగా నెడమగును.

క్లిప్పును టైమ్‌లైను అను కాలరేఖమీదికి లాగి, నిలువుగీతను వలసినచోట నిలిపి, ఎస్ అను మీటను నొక్కిన క్లిప్పు రెండుగా తెగును. అక్కఱలేని ముక్కను తాకి ఎక్స్ నొక్కినచో నది తొలగి, వెనుకనున్నవి ముందుకు జరిగి ఖాళీని పూడ్చును. పొరపాటైన కంట్రోల్, జెడ్ మీటలు కలిపి నొక్కుడు, పోయినది తిరిగివచ్చును. మీరు తీసిన మూలక్లిప్పున కేమియు కాదు గావున భయపడనక్కఱలేదు. ఈ మూడింటితోనే తొలి వీడియోను ముగింపవచ్చును.

మీట నొక్కుట సులభము. దేనిని తీసివేయవలయునో తెలియుట కష్టము. నేను మొదట కూర్చినది ద్రవజీవామృతమును గూర్చిన వీడియో. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 5 మొదలు 10 లీటర్ల ఆవుమూత్రము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను కలుపుట చక్కగానే వచ్చెను. పిదప పీపాను నీడలో నుంచి, దినమునకు రెండు మూడుమార్లు కఱ్ఱతో త్రిప్పుచు, 48 గంటలు పులియనీయవలెను. కదలని పీపాను చూచి జనులు విసుగుచెందుదురని తలచి యా భాగమును తీసివేసితిని. కలుపుచున్న చేయి కనబడిన మఱుక్షణమున చేలో పోయుచున్న బకెట్టు కనబడెను. కూర్పు చుఱుకుగా నున్నదని మిత్రులు మెచ్చుకొనిరి. ప్రదర్శననాడు వెనుక వరుసనుండి యొక ముసలమ్మ, “ఏటి బాబూ, కలిపిన ఎంటనే చేలో పోసీయొచ్చా?” అని యడిగెను. ఆమె యడుగకున్నచో నా కూర్చున్నవారిలో నెందఱు పులియని నీటిని మోసికొనిపోయి యుందురో!

కత్తిరింపు కాలమును మ్రింగును. నాటకములో నది సౌకర్యము, సేద్యపాఠములో నపాయము. నానవేయుట, ఆఱనిచ్చుట, పులియనిచ్చుట వంటి పనులను కత్తిరించినచోటనెల్ల “48 గంటల తరువాత” వంటి యక్షరములు నాలుగైదు సెకన్లు నిలిచియుండవలెను. ఆ మాటను నోటితోను చెప్పింపవలెను. చదువురానివారును చూపరులలో నుందురు గదా. కొలతల విషయమునను నిదే నియమము. బెల్లమును వేయుచున్న చేయి చాలదు, తక్కెడ కనబడవలెను.

వరుసకు గూడ బలము కలదు. రష్యా దేశపు దర్శకుడు లేవ్ కులెషోవ్ దాదాపు నూఱేండ్ల క్రిందట నొకే నటుని ముఖమును ఒకమాఱు సూపుపాత్రతోను, మఱొకమాఱు శవపేటికతోను జతచేసి చూపగా, చూపరులు మాఱని యా ముఖముననే యాకలిని, దుఃఖమును చూచిరని చెప్పుదురు. ఎండిన చెఱకు దుబ్బును, పిమ్మట నొక మందుసీసాను, పిమ్మట పచ్చని తోటను చూపుడు. ఒక్కమాటయు పలుకకుండగనే మందువలన తోట బ్రతికినదని చెప్పినట్లగును. ఆ పచ్చని తోట వేఱొకరిదైనను తెలియువారు లేరు. మనవాట్సాప్ బృందములలో తిరుగు మందుల వీడియోలను ఈ దృష్టితో నొకసారి చూడుడు. మీ కూర్పులో మాత్రము ముందు వెనుకలుగా చూపు చేను ఒకటేయై యుండవలెను. తీసిన తేదీలను తెఱమీద వేయవలెను.

ధ్వనినిగూర్చి హెచ్చుగా చెప్పవలసియున్నది. బొమ్మ కొంచెము మసకయైనను జనులు సహింతురు; మాట వినబడనిచో లేచిపోదురు. మనది సముద్రతీరపు ప్రాంతము. మధ్యాహ్నపు గాలి ఫోనులో బుఱ్ఱున మ్రోగును. ఉదయమే తీయుడు, మాటాడువాని కొక మూరెడు దూరముననే ఫోనుంచుడు. లేదా పనిని మాత్రము చేలో తీసి, వివరణను ఇంటిలో, దుప్పట్లున్న గదిలో వేఱుగా రికార్డు చేయుడు. ఆ ధ్వనిని కాలరేఖలో క్రింది వరుసయందు పఱచి, పైన బొమ్మలను మార్చుచు పోవచ్చును. మాట తెగకుండ బొమ్మ మాఱినచో కూర్పు తెలియనే తెలియదు. సినిమా పాటలను వెనుక వినిపించుట మానుడు. అవి పరుల హక్కులో నుండును, పైగా చెప్పుమాటను ముంచివేయును.

తెలుగక్షరములు వేయునపుడు “స్త్రీ”, “వర్షము” అని వ్రాసి పరీక్షింపుడు. కొన్నిటిలో ఒత్తులు విడిపోయి ప్రక్కన పడును. అట్టి సాధనమును విడిచి వేఱొకటి చూచుకొనుడు. మండలి, రామభద్ర మొదలగు నక్షరరూపములు ఉచితముగా లభించును. ఎక్స్‌పోర్టు చేయునపుడు ఎంపీ4 రూపమున, 720 గీతల ప్రమాణమున, సెకనునకు 2 మెగాబిట్ల చొప్పున నుంచినచో నిమిషమునకు 15 మెగాబైట్లు మాత్రమే యగును; నాలుగు నిమిషముల పాఠము 60 మెగాబైట్లలో నిముడును.

పంపుటకు ముందు, తీయునపుడు చెంతలేని యొకరికి చూపి, ఏమి యెంత కలుపవలెనో, ఎన్ని గంటలు వేచియుండవలెనో వారిచేతనే చెప్పింపుడు. తడబడినచోట మరల కత్తెర పట్టుడు. నా రెండవ ప్రతిని ఆ ముసలమ్మకే మొదట చూపితిని. గంటల లెక్క సరిగా చెప్పి, పప్పుపిండి యే పప్పుదో చెప్పలేదేమని యడిగెను. ఆ ముక్కను చేర్చుటకు మఱునాడు మరల చేనికి పోవలసివచ్చెను.