విజయమునకు చెల్లించిన వెల

మహాభారతమున చెప్పబడిన ఏకచక్రపురము నేటి బోధనే యని నిజామాబాదు ప్రాంతమున ప్రతీతి కలదు. నందిపేట్ మొదలుగా గోదావరీ తీర గ్రామముల పెద్దలకు బకాసుర కథ సుపరిచితము. బండెడు అన్నము, రెండు దున్నలు, ఒక మనుష్యుడు: ఇది ఆ రాక్షసునకు ఊరివారు చెల్లించు కప్పము. ఆశ్రయమిచ్చిన బ్రాహ్మణుని యింటికి వంతు రాగా, కుంతి తన కుమారునే పంపెను. భీముడు బకుని చంపెను. ఊరు భయము వీడెను. ఆ గెలుపు పరుల ప్రాణములను నిలిపినది.

అదే పాండవులు కురుక్షేత్రమున పొందిన గెలుపు వేరు. తిక్కన సోమయాజి తెనిగించిన సౌప్తికపర్వము దాని వెలను తెలుపును.

ఆ వెలకు మూలము యుద్ధము పదునైదవనాడే పడినది. ద్రోణుని జయింపలేక పాండవపక్షము అసత్యము నాశ్రయించెను. అశ్వత్థామ యను ఏనుగును చంపి, కుమారుడే మరణించెనని ద్రోణుడు నమ్మునట్లు ధర్మరాజుచేత పలికించిరి. అంతవరకు భూమికి నాలుగంగుళములు పైగా నడచిన ధర్మరాజు రథము ఆ మాటతో నేలనంటెను. ఆయుధము విడిచి యోగమున కూర్చున్న ద్రోణుని శిరస్సును ధృష్టద్యుమ్నుడు ఖండించెను.

మూడు దినములు గడచెను. దుర్యోధనుడు తొడలు విఱిగి పడియుండెను. ఆ రాత్రి మఱ్ఱిచెట్టు క్రింద నిద్రపట్టని అశ్వత్థామకు ఒక గుడ్లగూబ నిద్రించు కాకులను చంపుట కానవచ్చెను. తండ్రి పగ తీర్చుకొను త్రోవ అదియే యని అతడు తలచెను. నిద్రించువారిని చంపుట అధర్మమని మేనమామ కృపాచార్యుడు వారించినను వినలేదు.

శిబిర ద్వారమున ఒక మహాభూతము నిలిచి అతని అస్త్రములన్నిటిని మ్రింగెను. అశ్వత్థామ శివుని స్తుతించి, ఎదుట వెలసిన అగ్నిలో తన దేహమునే ఆహుతి చేయబూనెను. అంతట పరమేశ్వరుడు ప్రత్యక్షమై, పాంచాలురకు కాలము తీరినదని చెప్పి, ఖడ్గమిచ్చి అతనిలో ప్రవేశించెను. తెల్లవారునప్పటికి ధృష్టద్యుమ్నుడు, శిఖండి, ద్రౌపది కుమారులు అయిదుగురు నిహతులైరి. శిబిరమున లేని పాండవులు, కృష్ణుడు, సాత్యకి మాత్రమే ఆ పక్షమున మిగిలిరి. గెలిచినవారు కన్నబిడ్డల శవములపై పడి విలపించిరి.

నిద్రించువారిని చంపుటకు శివుడు ఖడ్గమేల యిచ్చెనని శైవ గృహములలో పిల్లలు అడుగుట సహజము. ఖడ్గము దేవుడిచ్చినది, చంపవలెనను సంకల్పము అశ్వత్థామది. అందుచేతనే ఆ వరము అతనిని కర్మఫలము నుండి కాపాడలేదు. శిరోమణిని కోల్పోయి, నెత్తురు చీము కారు దేహముతో మూడువేల ఏండ్లు ఒంటరిగా తిరుగు శాపము అతనికి తగిలెను. అసత్యము పలికించినవారును, పగ తీర్చుకొన్నవాడును వెల చెల్లించిరి.

ఈ పగల వరుసను త్రెంచిన మాట భాగవతమున ద్రౌపది నోట వచ్చినది. అర్జునుడు అశ్వత్థామను బంధించి తెచ్చి యెదుట నిలుపగా, తనవలె అతని తల్లియు పుత్రశోకమున పడరాదని ఆమె అతనిని విడిపింప గోరెను. అయిదుగురు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి చూపిన దయ అది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు ధర్మమునకు మూలముగా బోధించినదియు ఆ దయనే.

నేడు పల్లెలలో యుద్ధములు లేవు గాని గట్టు తగవులు, కాలువ నీటి తగవులు కలవు. తగవు గెలుచుటకు అబద్ధపు సాక్ష్యము తేవలసి వచ్చినప్పుడు, మెడలో ఇష్టలింగము ధరించినవాడు నేలనంటిన ఆ రథమును తలచుకొనవలెను. ఏకచక్రపురమున కుంతి తన బిడ్డను పరుల కొఱకు పంపెను. కురుక్షేత్రమున రాజ్యము కొఱకు బిడ్డలే పోయిరి. ఈ రెండు గెలుపుల భేదమును పెద్దలు ఇంట పిల్లలకు వివరింతురు గాక.